నీలిముద్రలో కార్మిక స్త్రీ

తొలితరం క్రీడాకారిణుల పాత ఛాయాచిత్రాలను సయనోటైప్ పద్ధతిలో చేత్తో ముద్రించవచ్చు. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద నెగెటివు పెట్టి, ఎండలో ఉంచి నీళ్లలో కడిగితే వెలుగు తగిలిన చోటల్లా నీలం నిలుస్తుంది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ప్రక్రియ ఇది. రూపం అందమైనదే. వస్తువు మాటేమిటని నా ప్రశ్న.

ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో, డిక్ కెర్ కర్మాగారంలో యుద్ధానికి మందుగుండు తయారుచేసిన ఆడవాళ్లు 1917లో ఫుట్‌బాల్ జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ గూడిసన్ పార్కులో వాళ్ల ఆటకు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లో స్త్రీల ఆటను నిషేధించింది. ఆ ఆట స్త్రీలకు తగదట! (మందుగుండు కూరడం మాత్రం తగింది కాబోలు.) నిషేధం దాదాపు 50 ఏళ్లు సాగింది.

ఇలాంటి క్రీడాకారిణి బొమ్మ చుట్టూ ఫెర్న్ ఆకులు, పూలు పేర్చడం నాకు మింగుడుపడదు. 1843లో అన్నా అట్కిన్స్ నాచుమొక్కలను ఈ పద్ధతిలోనే ముద్రించింది. అక్కడ మొక్కే వస్తువు. ఇక్కడ ఆకు కార్మికురాలిని గోడకు తగిలించే అలంకారంగా మార్చేస్తోంది. ఇదే రసాయనంతో ఫ్యాక్టరీలు యంత్రాల పటాలకు బ్లూప్రింట్లు తీసేవి. ఆ నీలం ఈ స్త్రీల పనిచోటు రంగు. యంత్రపు గీతల మీద బంతి తన్నే కాలు తెల్లగా తేలితే, ఆమె ఏ షెడ్డులోంచి మైదానానికి వచ్చిందో చూసేవారికి తెలుస్తుంది. అలాంటి ముద్ర నా కంట ఇంకా పడలేదు.