ఏ నాటకం అని కాదు, ఏ సీను అని అడగండి

పండగ రోజుల్లో బందరు కోనేరు సెంటర్లోనో, గుడివాడ బస్టాండు దగ్గరో, అవనిగడ్డ రోడ్డు పక్కనో గోడకు అంటించిన నాటకం పోస్టరు చదవడం ఒక విద్య. పైన పెద్దక్షరాల్లో నాటకం పేరుంటుంది. అలవాటున్నవాళ్ళు అక్కడ ఆగరు, నేరుగా కింద పాత్రల పట్టీలోకి దిగిపోతారు. శ్రీకృష్ణుడు 1, శ్రీకృష్ణుడు 2, శ్రీకృష్ణుడు 3 అని ముగ్గురి పేర్లు కనిపిస్తాయి. కొత్తవాళ్ళు అచ్చుతప్పేమో అనుకుంటారు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధభూమికి మరో కృష్ణుడు. ఒకే రాత్రి, ఒకే నాటకం, మూడు గొంతులు.

లండన్‌ వెస్ట్ ఎండ్‌కో, న్యూయార్క్ బ్రాడ్‌వేకో వెళ్ళినవాళ్ళకు ముందు ఏ షోకి టిక్కెట్టు కొనాలన్నదే ప్రశ్న. అక్కడి కథ కొత్తది కావచ్చు, పాటలు కొత్తవి కావచ్చు. కృష్ణా డెల్టాలో పద్యనాటకానికి వచ్చేవాడికి కథ చిన్నప్పుడే తెలుసు. పద్యాలూ చాలామందికి నోటికి వచ్చు. తెలియనిదల్లా ఆ పద్యాన్ని ఈ రాత్రి ఈ నటుడు ఎలా ఎత్తుకుంటాడు, ఎక్కడ విరుస్తాడు, ఎంతసేపు నిలబెడతాడు అన్నదే. అందుకే ఇక్కడ ఎంపిక నాటకం దగ్గర కాక సీను దగ్గర, ఆ సీను ఆడే మనిషి దగ్గర జరుగుతుంది.

ఈ రుచి ఇక్కడ ఒక్కనాడు పుట్టింది కాదు. 1880ల్లో ధార్వాడ, పార్శీ నాటకాల గాలి కోస్తాకు తగిలినప్పుడు, దివిసీమ సీతారామపురానికి చెందిన నాదెళ్ళ పురుషోత్తమ కవి బందరులో ఆడించడానికి హిందుస్తానీ నాటకాలు రాశారు. భాష హిందుస్తానీ, లిపి తెలుగు! రంగురంగుల తెరలు, హార్మోనియం, పాట మీద మోజు ఆ గాలిలోనే వచ్చాయి. తర్వాత తెలుగు నాటకాలు ఆ మోజును పద్యం మీదికి మళ్ళించాయి. బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, ఆయన జంట దివాకర్ల తిరుపతిశాస్త్రి కలిసి తిరుపతి వేంకట కవులుగా పాండవ నాటకాలు రాశారు. వాటిలో ఉద్యోగం, విజయం అనే రెంటినీ కలిపి జనం కురుక్షేత్రం అనేశారు. పోస్టర్ల మీద నేటికీ అదే పేరు.

ఇంతకీ పద్యంలో అంత ఏముంది?

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. మామూలుగా చదివితే అర నిమిషం పట్టదు. స్టేజీ మీద అదే పద్యం నిమిషాల తరబడి సాగుతుంది. పద్యానికి గణాలున్నాయి, యతి ఉంది, ప్రాస ఉంది. పాడేటప్పుడు మాత్రం తాళం లేదు. పద్యం నడుస్తున్నంతసేపు తబలాకు పెద్దగా పని ఉండదు. హార్మోనియం ఒక్కటే నటుడి వెనక నీడలా నడుస్తుంది. అతను ఆగితే శ్రుతి పట్టుకుని కూర్చుంటుంది, కదిలితే కదులుతుంది. ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు కదలాలో ఆ క్షణాన తేల్చుకోవలసింది నటుడే.

తెలివంతా విరుపులో ఉంది. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం యతిస్థానం. లెక్కగా అక్కడే ఊపిరి తీసుకుంటే ఛందస్సు వినిపిస్తుంది గానీ ఒక్కోసారి మాట మధ్యకు తెగిపోతుంది. మంచి నటుడు అర్థం ఆగిన చోట ఆగుతాడు. పాదం అయిపోయినా మాట పూర్తి కాకపోతే తర్వాతి పాదంలోకి తోసుకుపోతాడు. కోపం, వెటకారం, వేడికోలు మాటలోంచే తెలిసేలా చేసి, నాలుగో పాదం చివరి అచ్చు మీద మాత్రం రాగం విప్పుతాడు. ముందు మాట, తర్వాత రాగం. ఈ వరస తలకిందులైతే ఆలాపన మిగులుతుంది, పాత్ర మాయమవుతుంది.

దీన్ని కళ్ళారా చూడాలంటే పడక సీను. కృష్ణుడు దొంగనిద్రలో ఉంటాడు. తలవైపు ఆసనం మీద దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని అర్జునుడు. కృష్ణుడు లేచి ముందు అర్జునుణ్ణి పలకరిస్తాడు, కుశలమడుగుతాడు. నటుడు పద్యం బాగా పాడితే వెనక చాపల మీంచి ‘వన్స్‌మోర్’ అని కేక వస్తుంది. అప్పుడు కృష్ణుడు మళ్ళీ మొదటికి వెళ్ళాలి, అర్జునుడు మళ్ళీ వినయంగా నిలబడాలి, చిటపటలాడిన దుర్యోధనుడు ఇందాకటి చిరాకే మళ్ళీ కొత్తగా పడాలి. కథ ఆగిపోయిందని బాధపడేవాళ్ళు ఆ పందిట్లో ఉండరు.

రాయబారం సీను గొంతుకు పెద్ద పరీక్ష. ఇందులో కృష్ణుడిగా ఈలపాట రఘురామయ్యది ఒక దారి, పీసపాటి నరసింహమూర్తిది ఒక దారి. రఘురామయ్య రాగంతో జనాన్ని కట్టిపడేశారు. ఆయన ఈల కూడా శ్రుతిలోనే పలికేది. పీసపాటి మాట స్పష్టతకు, అర్థానికి పెద్దపీట వేశారు. నేటి కృష్ణుల్లో ఎవరు ఎటువైపు మొగ్గారో గమనించడమే సీనులో సగం వినోదం.

కాటి సీను వేరే సంగతి. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో కాటికాపరి చాలాసేపు ఒంటరిగా నిలబడతాడు. ఎదురు మాట లేదు, ఊతమిచ్చే తోడు నటుడు లేడు. ఆ సీనులో గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరి, నాటకంలో పుట్టినవేమో అన్నంతగా కలిసిపోయాయి. అంటరానితనాన్ని అనుభవించిన కవి మాటలు, రాజ్యం పోయి కాటికాపరి అయిన రాజు నోట వినిపిస్తాయి. వీటికి ఆర్భాటం పనికిరాదు. గొంతు తగ్గించగల నటుడు కావాలి.

నవ్వుకోవాలంటే, ఆడవేషం సొగసు చూడాలంటే శ్రీకృష్ణ తులాభారం. సత్యభామగా స్థానం నరసింహారావు వేసిన ముద్ర ఆ పాత్రకు కొలతబద్దగా నిలిచింది. కాళ్ళకూరి నారాయణరావు చింతామణి కూడా ఒకప్పుడు ఈ వరసలోదే. సుబ్బిశెట్టి పాత్ర మీద ఆర్యవైశ్యుల అభ్యంతరాల తర్వాత 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని ప్రదర్శనను నిషేధించింది.

పద్యం పొడవు మీద ఫిర్యాదు పాతదే: రాగం పద్యాన్ని మింగేస్తోందని. దానికి ఒక జవాబు గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల ఇచ్చారు. సినిమాలో ఆలాపన కుదించి, మాటను ముందుకు తెచ్చారు. 1967 నాటి శ్రీకృష్ణావతారంలో తిరుపతి వేంకట కవుల పద్యాలను ఆయన పాడితే, తెర మీద కృష్ణుడు నిమ్మకూరు ఎన్.టి. రామారావు. బందరు బడిపంతులు పద్యం, చౌటపల్లి గొంతు, నిమ్మకూరు రూపం. ఆ తర్వాత పల్లెటూరి కృష్ణుడికి కొలమానాలు రెండయ్యాయి: పాతవాళ్ళు రఘురామయ్యతో పోలుస్తారు, మిగతావాళ్ళు సినిమాతో.

పద్యం వద్దు, తాళమే కావాలనుకునేవాళ్ళు మొవ్వ మీదుగా కూచిపూడి వెళ్ళాలి. భామాకలాపంలో ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. సత్యభామ ముఖం కనబడదు. ముందు పొడుగాటి జడ తెర మీదుగా ఇవతలికి పడుతుంది. తర్వాత ప్రవేశ దరువు. ఇక్కడ పాట, అడుగు రెండూ తాళానికి కట్టుబడి ఉంటాయి. వేదాంతం సత్యనారాయణ శర్మ భామ వేషంలో నడిచి వస్తే మగవాడని నమ్మనివాళ్ళుండేవారట. అడిగి తెలుసుకోవలసింది ఒకటే: కలాపం మొత్తం ఆడుతున్నారా, ప్రవేశ దరువు ఒక్కటేనా? రెండోదైతే తెర, జడ, పదినిమిషాల్లో ఇంటికి.

విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి హాలుకు వెళ్తే కుర్చీ దొరుకుతుంది, మైకు బాగుంటుంది, నాటకం కుదించి త్వరగా ముగిస్తారు. శ్రీరామనవమి పందిట్లో అయితే చాప మనమే తీసుకెళ్ళాలి, దోమలతో పాటు కూర్చోవాలి. కాటి సీను తెల్లవారుజాముకు గానీ రాదు. ముసలాళ్ళు దుప్పటి కప్పుకుని పడుకుంటూ ‘కాటి సీనుకు లేపండ్రా’ అని పక్కవాళ్ళకు చెప్పి నిద్రపోతారు. లేపకపోతే గొడవే.

తెల్లారాక పందిరి వెనక హరిశ్చంద్రుడు కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటూ, మొదటి బస్సు ఎన్నింటికని అడుగుతాడు. సాయంత్రం ఇంకో ఊళ్ళో అతనికి మళ్ళీ కాటి సీనే.