పద్మ పుస్తకం కాదు గానీ...

విమర్శ అనగానే నవల మీదో, కథల సంపుటి మీదో అనుకుంటాం. నేనివాళ రాయబోయేది ఒక కంప్యూటర్ ప్రోగ్రాం మీద. అప్పుడే పేజీ తిప్పెయ్యకండి. ఆ ప్రోగ్రామే లేకపోతే మా అమ్మ రాసిన పదకొండు వ్యాసాలు నాకు దక్కేవి కావు.

అమ్మది కొల్లేటి లంకల్లో పుట్టిల్లు. కాపరానికి ఏలూరు వచ్చినా మనసంతా అక్కడే. దోనెల మీద పెళ్లివారు రావడం, తమ్మిలేరు పొంగితే సామానంతా అటక ఎక్కించడం, చేపల పులుసులో ఏ చేపకు ఎంత చింతపండు - ఇవన్నీ పాతికేళ్ల కిందట ఒక ఇంటర్నెట్ పత్రికకు రాసింది. కొల్లేరు 1999లో అభయారణ్యమయింది. 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. అమ్మ రాసింది అసలా చెరువులే లేనప్పటి కొల్లేరు గురించి. ఆ నీళ్లు చూసినవాళ్లు ఇప్పుడెందరున్నారు గనక?

అమ్మ పోయింది. పత్రిక అంతకుముందే పోయింది. మిగిలిన ఫైళ్లు తెరిస్తే తెలుగన్నది లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, వాటి నెత్తిన టోపీలూ, చుక్కలూ! చీమలు సిరాలో పడి కాగితం మీద పాకినట్టుంది.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతున్నాడు. చూసి నవ్వాడు.

"అత్తా, ఇది పాడవలేదు. దీని ఫాంటు పోయింది, అంతే."

సంగతేమిటంటే, యూనికోడ్ అందరికీ అలవాటు కాకముందు ఏ పత్రిక ఫాంటు దానిదే. ఇంగ్లీషు అక్షరాలుండే గళ్లలో తెలుగు ముక్కలు పెట్టుకున్నారు. ఒకరు తలకట్టు పెట్టిన చోట ఇంకొకరు కొమ్ము పెట్టారు. ఆ ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే చీమలు. ఈ చిక్కు విప్పడానికే నాగార్జున వెన్న అనే ఆయన 'పద్మ' రాశారు. ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న పరికరం అది. పాత ఫాంట్ల రాతను యూనికోడ్ తెలుగులోకి మార్చిపెట్టేది.

మావాడు ఆ కోడు తెరిచి చూపించాడు. సగం అర్థం కాలేదు, నిజమే చెబుతాను. కానీ ఆ అర్థమైన సగానికే ముచ్చటేసింది. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక. ఫలానా ఫాంటులో ఈ గుర్తు వస్తే తెలుగులో ఈ ముక్క అని, వరసగా, ఒక్కటీ వదలకుండా. మన పెద్దలు కావ్యాలకు ప్రతిపదార్థం రాసేవారు చూడండి, ఆ వరస. కొన్ని ఫాంట్లలో క్రావడి అక్షరానికి ముందు పడుతుంది. పలికేటప్పుడేమో వెనక రావాలి. దాన్ని తీసుకెళ్లి సరైన చోట కూర్చోబెట్టడమూ అందులో ఉంది. తెలుగు మీద ప్రేమ గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను గానీ, ఇంత ఓపికగల ప్రేమ తక్కువ చూశాను.

మరి దోషం చెప్పకపోతే విమర్శ ఎలా అవుతుంది? పద్మది అద్దె కాపరం. అదే దాని దోషం. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ తన పద్ధతి మార్చుకుని, పాతరకం తగిలింపులన్నిటినీ ఒక్కసారే పక్కన పెట్టింది. వాటిలో పద్మ కూడా ఉంది. దాని కోడు పెట్టుకున్న మోజ్‌దేవ్ అనే చోటు కూడా తర్వాత మూతపడింది. మావాడి స్నేహితుడి అన్నగారి పాత లాప్‌టాప్‌లో పాత ఫైర్‌ఫాక్స్, అందులో పద్మ అలాగే ఉండబట్టి సరిపోయింది.

దీన్ని ఓపెన్ సోర్స్ అంటారు. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పంచుకోవచ్చు. అందరికీ హక్కుంది కాబట్టి ఎవరో ఒకరు దాచే ఉంటారని అందరం అనుకుంటాం. పెళ్లింట్లో పాలు పొంగిపోయేది ఇలాగే కదూ!

బుడమేరూ తమ్మిలేరూ వచ్చి కొల్లేట్లో కలిసినట్టు, ప్రపంచంలోని కోడంతా రెండు మూడు చోట్లకే చేరుతోంది. సదుపాయమే, కాదనను. కానీ గూగుల్ కోడ్ 2006లో తెరిచి 2016 జనవరిలో మూసేశారు. కాపీ దాచి ఉంచారు, అది వాళ్ల మంచితనం. గిటోరియస్ 2015లోనే పోయింది. 2020లో బిట్‌బకెట్ పాత పద్ధతి రిపాజిటరీలను తీసేస్తుంటే, సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే సంస్థ పూనుకుని రెండు లక్షలకు పైన భద్రపరిచింది. ఈ సంస్థను 2016లో ఫ్రాన్సులో మొదలుపెట్టారు. లోకంలో దొరికే కోడంతా కూర్చడమే దాని పని. మనకు కావలసిన రిపాజిటరీ పేరిచ్చి, దాచమని మనమూ అడగొచ్చు.

గిట్‌హబ్‌వాళ్లు ఇంకో గొప్ప పని చేశారు. 2020 ఫిబ్రవరి 2 నాటి కోడును 186 ఫిల్ము చుట్టల మీదికెక్కించి, ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్‌లో ఒక పాత బొగ్గు గనిలో పెట్టారు. వెయ్యేళ్లుంటుందట. వినడానికి బ్రహ్మాండం. కానీ ఆడదాన్ని, ఇల్లు నడిపేదాన్ని, ఒక మాట అడుగుతాను. బీరువా తాళం మంచు కొండలో పెట్టుకుంటే రేపొద్దున చీర ఎలా తీసుకోను? వెయ్యేళ్ల తర్వాతివాడి కోసం దాచడం మంచిదే. వచ్చే ఆదివారం నాకు కావలసింది కూడా ఎక్కడో చేతికందేలా ఉండాలి కదా!

బ్రౌన్ దొర సంగతి గుర్తొస్తుంది. పండితులకు జీతాలిచ్చి తాటాకు ప్రతులు వెతికించి, కాగితం మీద నకళ్లు రాయించాడు. ఊరికే పెట్టెలో పెట్టలేదు. పాఠాలు పోల్చి చూసి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. దాచడమంటే అదీ. జాడీలో ఆవకాయ ఉంటే చాలదు. ఏడాదికోసారి తిరగబెట్టేవాళ్లుండాలి, పెట్టడం తెలిసిన కోడలుండాలి.

"గిట్ క్లోన్ అని ఒక్క వరస కొడితే కోడూ, మొదటి రోజు నుంచీ చేసిన దిద్దుబాట్లూ అన్నీ మన కంప్యూటర్లోకి వచ్చేస్తాయి అత్తా," అన్నాడు మావాడు.

"దాని గురించి జనం అడిగిన ప్రశ్నలూ, జవాబులూ?"

"అవి రావు. విడిగా దాచుకోవాలి."

అదిగో, చూశారా! వంటకం వస్తుంది, ఉప్పు ఎక్కువైతే ఏం చెయ్యాలో చెప్పిన అత్తగారి మాట రాదు. అందుకే, మీ ఇంట్లో ఈ చదువులు చదివే పిల్లలుంటే చెప్పండి. వాడుకునే కోడు కాపీ రెండు చోట్ల పెట్టమనండి. ఎలా నడపాలో ఒక పేజీ రాసి దాంతోపాటే ఉంచమనండి. ఏడాదికోసారి తెరిచి పనిచేస్తోందో లేదో చూడమనండి.

పదకొండు వ్యాసాలూ ఇప్పుడు తెలుగులో ఉన్నాయి. మొన్న రాత్రి చేపల పులుసు వ్యాసం చదివాను. కొర్రమీనుకు చింతపండు నేనింతకాలం ఎక్కువే వేస్తున్నానట. అమ్మ నన్ను పేరు పెట్టి మరీ మందలించింది.