బ్లేడు పట్టిన చెవి

1980ల చివర్లో న్యూయార్క్‌లో మూడున్నర నిమిషాల పాప్ పాటను ఏడెనిమిది నిమిషాల డాన్స్ పాటగా మార్చడం పక్కా చేతిపని. షెప్ పెటిబోన్ రీమిక్సులు వినండి. మడోనా అయినా, పెట్ షాప్ బాయ్స్ అయినా, గొంతుకు తొందర లేదు. ముందు దరువు ఒక్కటే నడవాలి. అప్పుడే డీజే దాన్ని అప్పటికే మోగుతున్న పాటలో కలపగలడు.

నాకు మరీ ముచ్చటేసేది టేపు కోత. సెకనుకు 15 అంగుళాలు పరుగెత్తే టేపు మీద, నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక్కో దెబ్బ పొడవు ఏడున్నర అంగుళాలు. రీలును చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పి, డ్రమ్ము మొదలయ్యే చోటును చెవితో పట్టి, పెన్సిల్‌తో గీత పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించాలి. లాటిన్ రాస్కల్స్ జోడీ అయితే ఒకే అక్షరాన్ని ముక్కలుగా వరసపేర్చి, గాయకుడి చేత తాళంలో నత్తి పలికించేది!

ఈ రీమిక్సులన్నీ గొప్పవేం కావు, కొన్ని ఒట్టి సాగదీతలే. ఇవి వచ్చే పన్నెండంగుళాల రికార్డులో గాళ్లకు చోటెక్కువ కాబట్టి బాస్ మాత్రం అన్నిట్లోనూ గట్టిగా మోగేది. లండన్‌లో కోల్డ్‌కట్ అనే జోడీ ఇంకో దారి పట్టింది: 1987లో ఎరిక్ బి, రకీమ్‌ల ర్యాప్‌లోకి ఒఫ్రా హజా పాడిన యెమెనీ యూదుల పాటను దింపింది.