ముప్పావు మిల్లీమీటరు

ఈ వారం మా మేనల్లుడు కొత్త కంప్యూటర్ బిగించుకుంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కూలర్ డబ్బాలో ప్లాస్టిక్ స్పేసర్లు రెండు రకాలు వచ్చాయి, పొడుగువి, పొట్టివి. ‘‘పొడుగువే వేస్తా మామయ్యా, ప్రాసెసర్ మీద బరువు పడదు, సేఫ్’’ అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నా పాత గొడవ ఒకటే: డబ్బాలో కాగితం ఉంటే ముందు అది చదివి ఏడవండి!

స్పేసర్ ఉన్నది కాపలాకి కాదు, ఎత్తు కుదర్చడానికి. ఇంటెల్ ఎల్‌జీఏ1200 సాకెట్ నుంచి మావాడి బోర్డులోని ఎల్‌జీఏ1700కి వచ్చేసరికి ప్రాసెసర్ పైభాగం దాదాపు ముప్పావు మిల్లీమీటరు కిందికి దిగింది. పాత సాకెట్‌కి కుదిరే పొడుగు స్పేసర్లే వేస్తే కూలర్ తగిలీ తగలనట్టు కూర్చుంటుంది. స్క్రూలు బిగుతుగానే ఉంటాయి, వేడి మాత్రం దిగదు.

వాడికి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అథ్లాన్ ప్రాసెసర్లు కొనుక్కున్న రోజులు చెప్పాను. 2000 నాటి ఆ ఏఎండీ చిప్పులకు పైన లోహపు మూత లేదు. గోరంత సిలికాన్ ముక్క నేరుగా బయటికి కనబడేది. నాలుగు మూలలా గుండ్రటి మెత్తలు. హీట్‌సింక్ క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో గట్టిగా అదిమి సాకెట్ కొక్కేనికి తగిలించాలి. ఆ అదుముడులో హీట్‌సింక్ ఓ పక్కకి ఒరిగిందా, సిలికాన్ అంచు పెచ్చూడేది. చిప్పు ఖతం. ఆ భయం మీదే రాగి షిమ్‌ల బేరం నడిచింది. మధ్యలో సిలికాన్ పట్టేంత కంత ఉన్న పల్చటి రేకు అది. రవ్వంత మందం ఎక్కువైతే హీట్‌సింక్ రేకు మీదే ఆగిపోయి సిలికాన్‌ను తాకదు. ఆన్ చేసిన కాసేపటికే చిప్పు మాడిపోయేది. పైగా రాగిలో కరెంటు పారుతుంది, చిప్పు మీది కాంటాక్టులకు తగిలితే అదో తంటా.

అయినా ఇవాళ ఆ రేకులు కొన్నవాళ్ల పక్షానే మాట్లాడతాను. 2003లో అథ్లాన్ 64కి ఏఎండీయే లోహపు మూత బిగించింది. కుర్రాళ్ల బెంగ ఉత్తిది కాదన్నమాట. మావాడిదీ అంతే. ఎల్‌జీఏ1700లో సాకెట్ బిగింపు పొడుగాటి ప్రాసెసర్‌ను నడుమ నొక్కి కాస్త వంచుతుందని తేలాక, కొందరు ఆ బిగింపు కిందే వాషర్లు వేసుకున్నారు. ఆ వాషర్ల పద్ధతిని ఇంటెల్ ఒప్పుకోలేదు. వాడు భయపడాల్సింది అక్కడ, కూలర్ దగ్గర కాదు.

మీరూ కూలర్ ఒకసారి బిగించి, తీసి చూడండి. థర్మల్ పేస్టు ప్రాసెసర్ మూతంతా పల్చగా పరుచుకుంటే ఎత్తు కుదిరినట్టే. ముద్దలా మిగిలితే స్పేసర్ మార్చండి. మళ్లీ బిగించేముందు పాత పేస్టు తుడిచేసి కొత్తది రాయండి.