చీకట్లో పట్టుకున్న చెయ్యి

ఒక గదిలో రెండు మంచాలు. గోడ అవతల ఎవరో గొణుగుతున్న చప్పుడు, ఆ వెంటే ఒక పసిబిడ్డ ఏడుపు. చీకట్లో ఎలినార్ తన స్నేహితురాలు థియోడోరా చేతిని గట్టిగా పట్టుకుంటుంది. వేళ్ల ఎముకలు తెలిసేంత గట్టిగా. ఇక భరించలేక కేక వేస్తుంది. లైటు వెలుగుతుంది. చూస్తే థియోడోరా అవతలి మంచం మీద అప్పుడే నిద్రలేస్తోంది. చెయ్యి చాచినా అందనంత దూరంలో.

షర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’లో ఈ ఘట్టం రెండు మూడు పేజీలకు మించదు. ఎన్నిసార్లు చదివినా నా అరచెయ్యి చల్లబడుతుంది. దీన్ని తెరమీద ఎలా తీస్తారన్న ప్రశ్న చాలాకాలం నన్ను వదల్లేదు. ఎందుకంటే ఇక్కడ చూపించడానికి ఏమీ లేదు. ఆ చెయ్యి ఎలినార్ నమ్మకంలో ఉంది. ముప్ఫై రెండేళ్ల మనిషి, మంచాన పడ్డ తల్లికి పదకొండేళ్లు సేవ చేసి, తనకంటూ ఇల్లూ వాకిలీ లేక మిగిలిపోయింది. ఆ ఇంట్లో దెయ్యం ఉందా, ఆమె ఒంటరితనమే గోడలు బాదుతోందా అన్నది జాక్సన్ ఎక్కడా తేల్చదు. భయమంతా ఆ వాక్యాల నడకలోనే ఉంది.

చాలా ఏళ్ల కిందట ఒక తెలుగు నవలను టీవీ సీరియల్‌గా మార్చే పనిలో నేనూ కూర్చున్నాను. కథానాయిక ఆలోచనలన్నీ ‘మనసులో మాట’గా పెట్టాను. పాత్ర పక్కకు చూస్తూ నిలబడుతుంది, వెనక గొంతు వినిపిస్తుంది. మన సీరియళ్లలో అలవాటైన పద్ధతే. మొదటి ఎపిసోడ్ ఎడిటింగ్ గదిలో చూసినప్పుడు గుండె జారిపోయింది. నవలలో ఊపిరాడనివ్వని ఆలోచన, గొంతులో పలికేసరికి సమాచారమైపోయింది. రాబర్ట్ వైజ్ 1963లో ఇదే హిల్ హౌస్‌ను బ్లాక్ అండ్ వైట్ సినిమాగా తీసినప్పుడు జూలీ హారిస్ గొంతుతో ఎలినార్ ఆలోచనల్ని వినిపించాడు. ఒక్క దెయ్యాన్నీ చూపించలేదు. రెండు గంటల లోపు సినిమాకు అది నిలబడింది. పది ఎపిసోడ్లకు నిలబడదు.

అందుకే మైక్ ఫ్లానగన్ 2018లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌కు చేసింది మొదట ద్రోహంలా అనిపించినా, తర్వాత నాకు పాఠమైంది. నవలలో ఒకరికొకరు పరాయివాళ్లైన మనుషుల్ని అతను ఒక కుటుంబం చేశాడు. ఇల్లు కట్టించిన హ్యూ క్రెయిన్ పేరు తండ్రికి పెట్టాడు. ఐదుగురు పిల్లల్లో ఒకమ్మాయికి రచయిత్రి పేరే షర్లీ అని పెట్టాడు. ఒక్క ఎలినార్ మనసులో ఉన్న బరువును ఐదుగురికి పంచాడు.

థియో సంగతే చూడండి. నవలలో ఆమె, కనిపించకుండా పట్టుకున్న కార్డుల్ని చెప్పగలదని ప్రయోగశాలలో తేలిన మనిషి. పరిచయంలో వచ్చే చిన్న వివరం. సిరీస్‌లో థియో ఎవరిని తాకినా వాళ్ల లోపలిది ఆమెకు తెలిసిపోతుంది, అందుకే ఎప్పుడూ గ్లవ్స్ వేసుకుంటుంది. చీకట్లో పట్టుకున్న ఆ చెయ్యే ఇలా ఒక నిండు జీవితంగా పెరిగిందని నా నమ్మకం. నవలలో ఎలినార్ హిల్ హౌస్‌కు వచ్చే దారిలో ఒక హోటల్లో చూసిన పాప, నక్షత్రాల కప్పు లేనిదే పాలు తాగనని మొండికేస్తుంది. ఆ కప్పు సిరీస్‌లో చిన్నారి ఎలినార్, అంటే నెల్ చేతికి వచ్చింది. నవలను ప్రేమించని మనిషికి ఆ కప్పు గుర్తుండదు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఎర్రగది. ఇంట్లో ఏ తాళంచెవికీ తెరుచుకోని తలుపు అది. చివరికి తెలుస్తుంది, అందరూ అప్పటికే అందులో ఉన్నారని. ఒకడికి చెట్టు మీది గుడిసెగా, ఒకమ్మాయికి నాట్యం చేసుకునే గదిగా, తల్లికి చదువుకునే గదిగా, ఎవరికి కావలసింది వాళ్లకు చూపించి లోపల కూర్చోబెట్టుకుంది. ఇల్లు మనిషి మనసులోకి దూరడాన్ని జాక్సన్ వాక్యంతో చేస్తే, ఫ్లానగన్ గదితో చేశాడు. నాకు ఆనాడు తట్టనిది ఇదే. ఆలోచనకు గొంతు వెతికాను, దానికొక చోటు వెతకాల్సింది.

ఆరో ఎపిసోడ్ గురించి ఇంకోవారం రాస్తాను. పది నిమిషాలు దాటే షాట్లలో, కట్ లేకుండా, అంత్యక్రియల ఇంటి నడవాలోంచి తండ్రి పాతికేళ్ల వెనకటి హిల్ హౌస్‌లోకి నడిచివెళ్లేలా సెట్లు కలిపి కట్టారు. తలచుకుంటేనే చేతులు జోడించాలనిపిస్తుంది.

ముగింపు దగ్గర మాత్రం నాకూ ఫ్లానగన్‌కీ కుదరదు. నవలలో ఎలినార్ కారుతో చెట్టును ఢీకొంటుంది. ఎందుకిలా చేస్తున్నానన్న స్పృహ ఆఖరి క్షణంలోగానీ రాదు. ఆ ఇల్లు ఎప్పటిలాగే ఏకాకిగా నిలబడి ఉంటుంది. సిరీస్ మిగిలిన తోబుట్టువుల్ని ఒక కేకు చుట్టూ చేర్చి, వెలుగులో వదిలిపెడుతుంది. ఆ గది గోడ మీద ఎర్రగది కిటికీని పెట్టి, వాళ్లింకా బయటపడలేదేమో అన్న అనుమానం మిగల్చాలని ఫ్లానగన్ మొదట అనుకున్నాడు. ఆ మనుషుల మీద మమకారంతో మానుకున్నాడు. ఆ మమకారం నాకు అర్థమవుతుంది. అయినా ఆ చివరి సీను వచ్చిన ప్రతిసారీ కేకును వదిలేసి, వెనక గోడ మీద ఆ కిటికీ కోసం వెతుకుతాను.