ఆరు మిల్లీమీటర్ల చిక్కు

దసరా దగ్గర పడితే జంషెడ్‌పూర్‌లోని మా కాసిడీహ్‌లో పూజ పందిరి చుట్టూ దుకాణాలు లేస్తాయి. ఒక బల్ల మీద బొమ్మ తుపాకులు. స్ప్రింగు లాగి వదిలితే పసుపుపచ్చ ప్లాస్టిక్ గుళ్ళు పేలుస్తాయి. నాలుగడుగులు వేస్తే బెలూన్లు కొట్టే బల్ల. అక్కడ ఉన్నది ఎయిర్‌గన్. దాన్లో వేసేది సీసపు గుండు. ఈ రెంటిలో ఏది ప్రమాదమని అడిగితే పిల్లలు కూడా ఠక్కున చెబుతారు. చట్టం అక్షరాన్ని పట్టుకుని చదివితే మాత్రం జవాబు అంత తేలిగ్గా రాదు. ఈ వారం రాయదలచుకున్నది దాని గురించే.

నాకు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అలవాటు. చాలా ఏళ్ళుగా కాలుస్తున్నాను. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఊపిరి బిగబట్టి, గుండె రెండు సార్లు కొట్టుకునే మధ్యలో ట్రిగ్గర్ నొక్కాలి. మా మేనల్లుడికి ఇదంతా నచ్చదు. వాడి మనసు ఎయిర్‌సాఫ్ట్ మీద. "నీది ఒంటరి ఆట మావయ్యా, మాది జట్టు ఆట" అంటాడు. వాడి మాటలో నిజముంది. అడవిలోనో, పాడుబడ్డ గోదాములోనో రెండు జట్లు తలపడతాయి. పేలేది ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు, దాన్ని బీబీ అంటారు. పెయింట్‌బాల్ తగిలితే బట్టల మీద రంగు అంటుతుంది. బీబీ తగిలితే మరకే ఉండదు. తగిలిందని తగిలినవాడే చెయ్యెత్తి ఒప్పుకోవాలి, ఆట నుంచి తప్పుకోవాలి. అంపైరుకు కనపడదు, ఎదుటివాడికీ తెలియదు. ఆటంతా ఆ ఒక్క నిజాయితీ మీదే నిలబడింది. నాకు ఈ ఆట మీద గౌరవం కలిగింది అక్కడే.

సెలవులకు వచ్చినప్పుడు వాడూ నేనూ కలిసి సాక్చి బజార్లో కొన్న స్ప్రింగు బొమ్మని విప్పి చూశాం. గొట్టం వెనకవైపు, పైభాగంలో చిన్న రబ్బరు బుడిపె ఉంటుంది. గుండు దాని కిందుగా ఒరుసుకుంటూ వెళ్ళేటప్పుడు వెనక్కి గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడు వల్ల పైకి లేచే బలం పుట్టి, గుండు వెంటనే కిందికి వాలిపోకుండా తిన్నగా సాగుతుంది. దాన్ని హాప్‌అప్ అంటారు. మంచి ఎయిర్‌సాఫ్ట్ తుపాకులన్నిటిలో ఉండేది ఈ ఏర్పాటే. బుడిపెని వెంట్రుకవాసి పైకి లేపితే గుండు ముందే నేలకు వాలేది, ఎక్కువ నొక్కితే గోడ పైకి ఎగిరేది. వరండాలో పాత దుప్పటి వదులుగా వేలాడదీసి, దాని ముందు అట్ట కట్టి కొట్టాం. గట్టిగా బిగిస్తే గుళ్ళు తిరిగి ముఖం మీదికొస్తాయి. వదులుగా ఉంటే అక్కడే జారి కింద రాలతాయి. ఇద్దరం కళ్ళద్దాలు పెట్టుకున్నాం. ఉక్కు కంపెనీలో పనిచేసినవాళ్ళ ఇళ్ళలో ఆ మాట చెప్పనక్కర్లేదు. గ్రైండరు దగ్గరికి అద్దాలు లేకుండా పోనివ్వని ఊరిది.

ఇక లెక్క. ఎయిర్‌సాఫ్ట్ పుట్టిన జపాన్‌లో 6 మిల్లీమీటర్ల గుండుకి అనుమతించిన శక్తి 0.98 జూల్. అంటే 0.2 గ్రాముల గుండు సెకనుకు సుమారు 99 మీటర్ల వేగంతో వెళ్ళొచ్చు. నేను కాల్చే పోటీ రైఫిల్ గుండుకి ఏడెనిమిది జూల్స్ ఉంటాయి. మన దేశపు 2016 ఆయుధ నియమాలు లైసెన్సు లేకుండా వదిలేసిన ఎయిర్ రైఫిల్‌కి పైహద్దు 20 జూల్స్. ఎయిర్‌సాఫ్ట్ అందులో ఇరవయ్యో వంతు. అయితే ఆ నియమంలో ఇంకో షరతుంది. గొట్టం బోరు 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే శక్తి ఎంత తక్కువైనా లైసెన్సు కావాల్సిన జాబితాలోకి పోతుంది. ఎయిర్‌సాఫ్ట్ బోరు ఆరు.

మా వాడు ఈ వాక్యం చదివి, "అంటే నీ రైఫిల్ సరే, నాది నేరమా మావయ్యా?" అన్నాడు. దానికి సమాధానం 1959 నాటి ఆయుధ చట్టం రెండో సెక్షన్లో వెతకాలి. ఆయుధం అంటే ఏమిటో చెబుతూ, కొన్నిటిని ఆ చట్టమే పక్కన పెట్టింది. ఇంటి పనికీ వ్యవసాయానికీ వాడే లాఠీ, చేతికర్ర లాంటివి మొదటివి. బొమ్మగా తప్ప మరి దేనికీ పనికిరానివి, పనిచేసే ఆయుధంగా మార్చడానికి వీల్లేనివి రెండోవి. సాక్చి బజార్లో దొరికే ప్లాస్టిక్ బొమ్మ ఈ మినహాయింపులో హాయిగా ఇముడుతుంది. లోపల ఇనప గేర్లు, మోటారు, బ్యాటరీ ఉండి, చూడ్డానికి అచ్చం సైనికుడి చేతిలోని తుపాకీలా ఉండే ఎయిర్‌సాఫ్ట్ ఇముడుతుందా? అదే చట్టం తుపాకీకి ఇచ్చిన నిర్వచనం చాలా వెడల్పు. పేలుడు పదార్థంతో గానీ, ఇంకే రకమైన శక్తితో గానీ ఏ రకం గుండునైనా విసిరేది తుపాకీయే. ఒక చివర బొమ్మ అనే మినహాయింపు, మరో చివర ఈ నిర్వచనం. ఎయిర్‌సాఫ్ట్ ఈ రెంటి నడుమ నిలబడింది. ఏ వైపు చూడాలన్నది స్టేషన్లో ఉన్న అధికారి విచక్షణ. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీకి కనీస శిక్షే రెండేళ్ళు. కుర్రాడి సరదాని ఒక మనిషి విచక్షణకి వదిలెయ్యడం ఆ కుర్రాడికీ మంచిది కాదు, ఆ అధికారికీ మంచిది కాదు.

మన ప్రభుత్వాలకి తుపాకీ అంటే భయం కొత్తది కాదు. 1878లో వైస్రాయ్ లిట్టన్ కాలపు చట్టం భారతీయుడి చేతిలో ఆయుధానికి లైసెన్సు పెట్టి, తెల్లవాళ్ళని వదిలేసింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు పట్టుకుపోయాడంటే, మన్యంలో వాటికి మరో దారి లేకపోవడం ఒక కారణం. ఆ పాత చట్టం స్థానంలోనే 1959 చట్టం వచ్చింది. ఇక మా ఊరికి ఆయుధాలు తెలియనివి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ఉక్కు కవచంతో తయారైన సైనిక వాహనాలకి టాటానగర్ అనే పేరే ఉండేది. ఇప్పుడు ఇక్కడి పోలీసుల తలనొప్పి కట్టా, అంటే నాటు పిస్తోలు. నడుము దగ్గర నల్లటి పిడి కనిపిస్తే అది బొమ్మో కట్టానో చీకట్లో తేల్చుకోవడానికి కానిస్టేబుల్‌కి ఉండేది రెండు మూడు సెకన్లు. ఆ సెకన్లలో అతన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు.

అందుకే బోరు కంటే, జూల్ కంటే కూడా రూపం పెద్ద సంగతి అంటాను. 2014 నవంబరు 22న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక పార్కులో టమీర్ రైస్ అనే పన్నెండేళ్ళ పిల్లవాడి చేతిలో ఉన్నది ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలే. అక్కడి 1988 నాటి కేంద్ర చట్టం బొమ్మ తుపాకీ మొనకి నారింజ రంగు ఉండాలంటుంది. ఆ పిస్తోలుకి ఆ రంగు మొన లేదు. పోలీసు కారు ఆగిన రెండు మూడు క్షణాల్లోనే కాల్పులు జరిగాయి. మర్నాడు ఆ పిల్లవాడు పోయాడు. మన చట్టం కూడా రూపాన్ని వదల్లేదు. గుండు పేల్చగలిగినా లేకపోయినా, చూడ్డానికి తుపాకీలా ఉంటే అది నకిలీ తుపాకీయే. అరెస్టు తప్పించుకోడానికి దాన్ని చూపిస్తే ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఇది న్యాయమైన నియమం. బెదిరిపోయినవాడికి లోపలున్నది సీసమో ప్లాస్టిక్కో ఏం తెలుస్తుంది?

ఈ చిక్కుని ఇతర దేశాలు విప్పాయి. జపాన్‌ని ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ఆట పుట్టిందే చట్టం వల్ల. 1958 చట్టం అక్కడ సామాన్యుడికి తుపాకీ దొరక్కుండా చేసింది. దొరకని దాని మీద మోజు నమూనాలుగా మారింది. 1970లలో ఆ నమూనాలు ప్లాస్టిక్ గుళ్ళు పేల్చడం నేర్చాయి. 1991లో టోక్యో మారుయి కంపెనీ బ్యాటరీతో నడిచే తుపాకీ తెచ్చాక ఆట ప్రపంచమంతా పాకింది. కొందరు బలం పెంచి నేరాలకి వాడటంతో 2006లో 0.98 జూల్ హద్దు వచ్చింది. ఆట ఆగలేదు, ఇంకా పెరిగింది.

నాకు ఇంకా నచ్చింది బ్రిటన్ పద్ధతి. వాళ్ళు 2017 చట్టంలో ముందు గుండుని నిర్వచించారు: గుండ్రంగా ఉండాలి, ప్లాస్టిక్‌ది కావాలి, 8 మిల్లీమీటర్లు మించకూడదు. ఆ తర్వాత శక్తిని చెప్పారు: వరసగా పేలేదానికి 1.3 జూల్, ఒక్కొక్కటిగా పేలేదానికి 2.5. ఆ గీత లోపల ఉన్నది ఎయిర్‌సాఫ్ట్, దాటింది తుపాకీ. రూపం సంగతి వేరే చట్టంలో తేల్చారు. 2007 అక్టోబరు 1 నుంచి అచ్చు తుపాకీలా ఉండే నకిలీని ఎవరికి పడితే వాళ్ళకి అమ్మకూడదు. బీమా ఉన్న మైదానాల్లో ఆడే ఆటగాళ్ళకి మినహాయింపు, మిగతావాళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపించే రంగుల్లోదే. చదివిన కుర్రాడికి తన హద్దు తెలుస్తుంది, చదివిన కానిస్టేబుల్‌కీ తెలుస్తుంది.

మన 4.5 మిల్లీమీటర్ల షరతుని తీసిపారెయ్యమని నేను అనను. పెద్ద బోరు ఎయిర్ రైఫిల్ బరువైన సీసాన్ని విసురుతుంది. అది పిట్టల్ని, చిన్న జంతువుల్ని చంపుతుంది. 2021 మార్చిలో అరుణాచల్ ప్రదేశ్‌లోని లుమ్‌డుంగ్ గ్రామంలో ఎయిర్‌గన్‌లు అప్పగించే ఉద్యమం మొదలైంది. అక్కడి జనం తమ అడవిలో పిట్టల కూత తగ్గిపోయిందని తామే తెచ్చి ఇచ్చేశారు. దల్మా కొండల నీడలో బతికేవాళ్ళం, ఆ బాధ మాకు అర్థమవుతుంది. సీసానికి ఆ షరతు ఉండాల్సిందే. కానీ 0.2 గ్రాముల ప్లాస్టిక్ గుండుకి అదే కొలత పెట్టడం పొరపాటు. సీసం కొలతతో ప్లాస్టిక్‌ని కొలిచినంత కాలం ఈ చిక్కు వీడదు.

శిక్షణ, హద్దులు ఉన్నచోట తుపాకీ మన పిల్లలకి ఏం ఇచ్చిందో హైదరాబాదుని చూస్తే తెలుస్తుంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో అదే పోటీలో స్వర్ణం గెలిచాడు. ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలతో తిరిగొచ్చింది. వీళ్ళ ఆట ఎదగడానికి స్పష్టమైన నియమం కూడా తోడైంది. ఏది కొనొచ్చో, ఎక్కడ కాల్చొచ్చో, ఎవరిని అడగాలో తల్లిదండ్రులకి తెలుసు.

ఆయుధాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోని అయిదో అంశం. రాంచీలో గానీ అమరావతిలో గానీ చేయగలిగింది తక్కువ. కేంద్ర హోంశాఖ నియమాల్లో ఒక్క పేరా చేర్చితే చాలు. ఎనిమిది మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ గుండు, ఒక జూల్ లోపు శక్తి, మొనకి చెరగని రంగు, మూసి ఉన్న మైదానంలోనే ఆట, పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే అమ్మకం. ఈ అయిదూ రాసి, అవి పాటించేదాన్ని లైసెన్సు జాబితా నుంచి తప్పించాలి. ఒక జూల్ కూడా కన్ను తీసేయగలదు కాబట్టి ముఖానికి కవచం తప్పనిసరి అని కూడా రాయాలి.

ఆ పేరా వచ్చేదాకా ఈ సరదా ఉన్నవాళ్ళకి నా మనవి. పెయింట్‌బాల్, లేజర్ ట్యాగ్ మైదానాలున్నాయి, అక్కడ ఆడుకోండి. బొమ్మ కొంటే 2021 జనవరి నుంచి తప్పనిసరైన ఐఎస్‌ఐ గుర్తు చూసి కొనండి. దాని మొనకున్న రంగుని నల్లగా మార్చకండి, రీల్స్ కోసం వీధిలో పట్టుకుని తిరగకండి. డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వస్తున్న అన్నయ్యకి సూట్‌కేసులో ఎయిర్‌సాఫ్ట్ తెమ్మని మాత్రం చెప్పకండి. ఆయుధం దిగుమతి చెయ్యాలంటే చట్టం పదో సెక్షన్ కింద లైసెన్సు కావాలి. అది బొమ్మేనని విమానాశ్రయంలో కస్టమ్స్ బల్ల ముందు నిలబడి చెప్పుకోవాల్సింది ఆ అన్నయ్యే.