వెలుగు కోసం గీసిన బొమ్మలు: అవోమోరి నెబుత కళ

జపాన్ ప్రధాన ద్వీపమైన హొన్షూ ఉత్తరాన ముగిసేచోట, ముత్సు అఖాతం ఒడ్డున ఉన్న అవోమోరి రేవు పట్టణాన్ని ఆ దేశపు ప్రయాణికులు చాలాకాలం దాటి వెళ్లే ఊరుగానే ఎరుగుదురు. 1908 నుంచి 1988లో సముద్రగర్భ సొరంగం తెరుచుకునే వరకు హొక్కైడో ద్వీపానికి పోవలసినవారు ఇక్కడ రైలు దిగి ఓడ ఎక్కేవారు. శీతకాలమంతా నిలువెత్తు మంచులో కూరుకుపోయే ఈ నగరంలో వేసవి నాలుగునాళ్ల ముచ్చట. ఆ వేసవి నడుమ, ఏటా ఆగస్టు 2 నుంచి 7 వరకు, నగరమంతా నెబుత ఉత్సవం చేసుకుంటుంది. నెబుత అంటే కర్రతో, ఇనుపతీగతో, కాగితంతో కట్టి, లోపల దీపాలు వెలిగించి, బండిమీద వీధుల్లో తిప్పే భారీ బొమ్మ. పురాణగాథల వీరులు, రాక్షసులు, దేవతలు, కబుకి నాటకాల పాత్రలు, చైనా కథల యోధులు ఇందులో ప్రత్యక్షమవుతారు; ఒక్కో ఉత్సవంలో ఇటువంటి పెద్ద బొమ్మలు ఇరవైకి పైగా బయలుదేరుతాయి.

పెద్ద నెబుత ఒకటి బండితో కలిపి 5 మీటర్ల ఎత్తు, 9 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల లోతు ఉంటుంది. బరువు సుమారు 4 టన్నులు. ఈ కొలతలు ఏ శిల్పశాస్త్రమో నిర్ణయించినవి కావు. వీధిలోని విద్యుత్ తీగలు, సిగ్నల్ స్తంభాలు, పాదచారుల వంతెనలు పైకి పోనివ్వకపోవడంతో బొమ్మ పక్కలకు విస్తరించింది. అదే ప్రాంతంలోని గోషోగవారాలో తీగలను భూమిలోకి దించి, ఇరవై మీటర్లు దాటిన నిలువు బొమ్మలను నడిపిస్తున్నారు. హిరొసాకిలోనివి ఎక్కువగా విసనకర్ర ఆకారంలో, రెండువైపులా చిత్రం గీసినవి. అవోమోరి బొమ్మకు దక్కిన అడ్డపు వైశాల్యం దాని కళను నిర్ణయించిందనే చెప్పాలి. ఒక యోధుడు ఒంటరిగా నిలబడితే ఆ స్థలం నిండదు గనుక, ఇద్దరు తలపడినట్టో, వీరుడొకడు కొండచిలువను చుట్టి పట్టినట్టో, అలల నడుమ నుంచి డ్రాగన్ లేచినట్టో కల్పించక తప్పదు. నెబుతలో కనిపించే ఉద్రేకానికి కథాంశం ఎంత కారణమో, వీధి పెట్టిన ఈ ఇరుకు కూడా అంత కారణం.

ఈ బొమ్మలను రూపొందించే కళాకారుణ్ణి నెబుత-షి అంటారు. అతడు ముందుగా ఇతివృత్తం ఎంచుకుని, రంగులతో సహా ఒక చిత్రం గీస్తాడు. ఆ చిత్రం ఒకవైపు నుంచి చూసినది మాత్రమే, కట్టవలసిన బొమ్మ అన్నివైపులా తిరిగేది. కనబడని వెనుకభాగం, చేయి మోచేతి దగ్గర ఎంత ముందుకు రావాలన్నది, కత్తి మొన ఏ దిక్కున నిలవాలన్నది అతని ఊహలోనే ఉంటాయి. ముఖాలను, చేతులను, పాదాలను మంచుకాలంలో ఇంటిపట్టున విడివిడిగా చేసి పెట్టుకుంటారు. వసంతం ముగిసే వేళకు సముద్రపు ఒడ్డునున్న పార్కులో వరుసగా పెద్ద పెద్ద పాకలు లేస్తాయి. అక్కడ కర్రగుంజలు నిలిపి, వాటి చుట్టూ తీగను వంచి, తీగకు తీగను దారంతో ముడివేస్తూ శరీరాన్ని కడతారు. పూర్వం ఈ పని వెదురుబద్దలతో, దీపాల పని కొవ్వొత్తులతో జరిగేది. వెదురు వంగే మేరకే ఆకారం వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధానంతర కాలంలో కితగావా కింజబురో వంటి నిపుణులు ఇనుపతీగను వాడుకలోకి తెచ్చాక కనుబొమ ముడి, ముక్కుపుటం, వేలి కణుపు కూడా తీగలోనే తేలసాగాయి. కొవ్వొత్తికి బదులు విద్యుత్ బల్బు రావడంతో కాగితం అంటుకుంటుందన్న భయం కూడా తగ్గింది.

తీగ అస్థిపంజరం నిలిచాక, కాగితం వేయకముందే లోపల వందలకొద్దీ బల్బులను అమర్చుతారు. పెద్ద బొమ్మలో వాటి సంఖ్య వెయ్యి వరకు ఉంటుంది, ఇప్పుడు చాలావరకు ఎల్ఈడీలే. విద్యుత్తును పుట్టించే జనరేటర్ బండి అడుగునే ఉంటుంది. బల్బు కాగితానికి మరీ దగ్గరైతే అక్కడొక తెల్లని మచ్చ, దూరమైతే ఒక చీకటి మూల ఏర్పడతాయి కాబట్టి, ఈ అమరికను కేవలం ఎలక్ట్రీషియన్ పని అనుకోవడానికి వీల్లేదు. తరువాతి ఘట్టం కాగితం అంటించడం. తీగల మధ్య ఏర్పడిన ఒక్కో గడికి ఒక్కో ముక్క కావాలి. తెల్లని జపనీ కాగితాన్ని గడిమీద పరచి, అంచులకు జిగురు రాసి, ముడత రాకుండా లాగి అంటించి, తీగకు అవతల మిగిలిన అంచును బ్లేడుతో కోసేస్తారు. అంచు ఒక వెంట్రుకవాసి ఎక్కువ మిగిలినా అక్కడ కాగితం రెండు పొరలై, దీపం వెలిగినప్పుడు చార కనిపిస్తుంది. అనుభవజ్ఞులైన స్త్రీలు ఎక్కువగా చేసే ఈ పనిని చూడవచ్చినవారు గమనించకపోవచ్చు గాని, బొమ్మ చర్మమంతా దానిమీదే ఆధారపడి ఉంది.

అంతవరకు బొమ్మ తెల్లగా, భూతంలా నిలబడి ఉంటుంది. దానిమీద నెబుత-షి నల్లసిరాతో గీతలు గీస్తాడు. ముఖాన్ని మాత్రం మరొకరికి అప్పగించడు. సిరా వెలుగును పూర్తిగా ఆపేస్తుంది కాబట్టి, రాత్రివేళ కళ్లకు కట్టినట్టు కనిపించేవి ఈ నల్లగీతలే. గీతల తరువాత కరిగిన మైనాన్ని కుంచెతో పెడతారు. మైనం చేసే పనులు రెండు: పక్కపక్కన పూసిన రంగులు ఒకదానిలోకి ఒకటి పాకకుండా కట్టవేస్తుంది, తాను పడిన చోట కాగితాన్ని పారదర్శకం చేసి, లోపలి వెలుగును ఎక్కువగా బయటికి వదులుతుంది. వస్త్రాలపై పువ్వులు, పాము పొలుసులు, అలల నురుగు దీపం వెలిగాక మిలమిలలాడేది ఈ మైనపు చుక్కల వల్లనే. చివరగా వేసే రంగులు కూడా వెలుగును అడ్డుకోని పల్చని అద్దకపు రంగులు. గోడమీద వేసే మందపు రంగు పూస్తే దీపం ముందు అది మసిగా కనబడుతుంది. తోలుబొమ్మలాట చూసినవారికి ఈ సూత్రం కొత్త కాదు: రంగు అందమంతా వెనుకనుంచి వచ్చే వెలుగు చేతిలో ఉంటుంది. కాకపోతే ఇక్కడ తెర లేదు, బొమ్మ తానే తెర. పగటి వెలుతురులో గీస్తూ, రాత్రి ఎలా కనిపిస్తుందో ముందే ఊహించగలగడమే నెబుత-షి విద్యలో కష్టమైన పాఠం. పగలు చూస్తే కొంత మోటుగా తోచే ఎరుపు రాత్రికి నిప్పుకణికవుతుంది.

పూర్తయిన బొమ్మను పదుల సంఖ్యలో మనుషులు ఒకేసారి లేపి బండిమీద నిలుపుతారు. ఊరేగింపులో బండికి ముందు విసనకర్ర, ఈల పట్టుకున్న మనిషి సైగచేస్తుంటే, తోసేవారు నాలుగు టన్నుల బొమ్మను కూడళ్లలో గిరగిర తిప్పుతారు, ముందుకు వంచి జనం మీదికి ఉరికిస్తారు. తల, చేతులు శరీరానికి మించిన పరిమాణంలో ఎందుకుంటాయో అప్పుడు బోధపడుతుంది. కిందనుంచి తలెత్తి చూసే కంటికి అవే దగ్గరవుతాయి. వెనుక పెద్ద డోళ్లు, వేణువులు, తెబిరగనే అనే చేతితాళాలు, వాటి లయకు ఒంటికాలిమీద గెంతుతూ సాగే హనెతో అనే నర్తకులు. వారి దుస్తులకు కట్టిన చిరుగంటలు గెంతులో ఊడి రోడ్డుమీద పడతాయి, దొరికినవారు దాన్ని శుభంగా భావిస్తారు. నిర్ణీత వేషం ధరించినవారెవరైనా, పైఊరివారైనా, నర్తకుల గుంపులో చేరవచ్చు. ఈ ఉదారతకు నగరం మూల్యం కూడా చెల్లించింది: 1990లలో నల్లదుస్తులతో వచ్చి అల్లరి చేసే యువకులను జనం కాకి నర్తకులని పిలిచారు, వారిని అదుపు చేయడానికి కొత్త నిబంధనలు తేవలసివచ్చింది. అయినా ద్వారం మూయలేదు, అదే సరైన నిర్ణయం.

ఈ ఆచారం మూలాన్ని ఎనిమిదో శతాబ్దిలో పుట్టిన సకనొఉఎ నొ తమురమరో అనే సేనానికి ముడిపెట్టే కథ ఒకటి ఉంది: ఉత్తరాదివారిని లొంగదీయడానికి అతడు దీపాలు, డోళ్లతో వారిని బయటికి రప్పించాడట. ఆ సేనాని ఇంత దూరం వచ్చిన దాఖలా లేదు. వేసవి మగతను, దోషాలను దీపాలతో నీటిలో విడిచే తనబత ఆచారాల నుంచి ఇది ఎదిగిందన్న వాదం సమంజసంగా ఉంది. 1722లో హిరొసాకి ప్రభువు, అక్కడ నెపుత అని పిలిచే ఈ వేడుకను తిలకించినట్టు సంస్థాన దినచర్య పుస్తకంలో ఉంది. 1873లో ఆధునికత పేరిట అధికారులు దీన్ని అనాగరికమని నిషేధించగా, 1882లో ఆ నిషేధం తొలగింది. యుద్ధకాలంలో ఆగిన ఉత్సవాన్ని 1944లో జనంలో ఉత్సాహం నింపడానికి అనుమతించారు. మరుసటి ఏడాది జులై 28న జరిగిన వైమానిక దాడిలో నగరం చాలావరకు కాలిపోయింది. కూలిన ఊరిని కట్టుకుంటూనే బొమ్మలనూ కట్టుకున్నారు. 1980లో జపాన్ ప్రభుత్వం దీన్ని ముఖ్యమైన అమూర్త జానపద సాంస్కృతిక సంపదగా ప్రకటించింది.

ఆగస్టు 7 రాత్రి, కొన్ని బొమ్మలను పడవలెక్కించి బాణసంచా నడుమ సముద్రంలో తిప్పడంతో ఉత్సవం ముగుస్తుంది. ఆపైన దాదాపు అన్నిటినీ విప్పేస్తారు. 2011లో తెరిచిన వా రస్సే అనే ప్రదర్శనశాలలో నిలిచేవి కొన్నే. నెలల శ్రమను ఆరు రోజుల్లో ముగించడం దుబారాగా కనిపించవచ్చు. కాని బొమ్మ నిలిచిపోతే మరుసటి ఏడాది తీగ వంచవలసిన చెయ్యి ఉండదు, కాగితం కోసే బ్లేడు తుప్పుపడుతుంది. ఏటా విప్పేయడమే ఈ విద్యకు పాఠశాల. అందుకనే, కోవిడ్ మూలంగా 2020, 2021లలో ఉత్సవం రద్దయినప్పుడు పోయింది వినోదం ఒక్కటే కాదు, శిష్యులకు రెండేళ్ల అభ్యాసం కూడా. ఈ వృత్తిలో సంపాదన ఎప్పుడూ అంతంతమాత్రమే; చాలామంది నెబుత-షిలకు మరో ఉపాధి ఉండేది. తకెనమి హిరోఓ వంటి ఆచార్యులు ఈ మెళకువలను దీపాలు, అలంకరణ వస్తువుల తయారీకి మళ్లించి, ఏడాది పొడవునా పని కల్పించే ప్రయత్నం చేస్తున్నారు. తరతరాలుగా పురుషులదే అనుకున్న నెబుత-షి వృత్తిలోకి, ఆరో నెబుత మహానిపుణుడుగా గుర్తింపు పొందిన కితమురా తకషి కుమార్తె అసకో 2012లో తన తొలి పెద్ద బొమ్మతో అడుగుపెట్టింది. నెబుత-షిగా పేరు పొందిన తొలి మహిళ ఆమె. ఆ తరువాత ఆమె బొమ్మలు ఉత్సవంలో బహుమతులకు పోటీపడుతూనే ఉన్నాయి.